కడుగు నీళ్ల రుచి

మా చిన్నోడికి పిల్లను చూడ్డానికి మహబూబాబాద్ వెళ్లాం. పిల్ల తండ్రికి చైనా టీల పిచ్చి. చిట్టి గిన్నెల్లో ఊలాంగ్, పూఎర్ పోసి, "ఏది మంచిగుందో చెప్పు అక్కా" అన్నాడు. ఊలాంగ్ పూల వాసన కొట్టింది. పూఎర్ తడిసిన గోనెసంచిలా ఉంది. పక్కన నిండుగా ఉన్న మరో గిన్నె కూడా పరీక్షలోదే అనుకొని తాగాను.

"గిదే మంచిగుందన్నా!"

ఆయన మొహం మాడింది. "అయ్యో, గది ఆకు కడిగిన నీళ్లక్కా! పారబోసేది!"

సంబంధం పోయిందనుకున్నాను. అంతలో పిల్ల పకపకా నవ్వింది. "బాపూ, మొన్న నువ్వు గూడ గదే తాగి, అసలైన పూఎర్ అంటే గిదే అన్నవ్ గదా!"

అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాను. టీకీ కడుగు నీళ్లకీ తేడా తెలియని ఇంట్లో నిజం చెప్పే పిల్ల దొరికింది. ఇప్పుడు వియ్యంకుడు మా ఇంటికొస్తే అల్లం చాయ్ రెండు గ్లాసులు తాగుతాడు. ఏది మంచిదో మాత్రం అడగడు.