నెల తప్పడమంటే

మా పక్క క్వార్టర్ టీచరమ్మ పోయిన మంగళవారం పొద్దున్న పోయింది. కుర్చీలో పేపరు చదువుతూనే ఒరిగిపోయింది. పాలవాడు పిలిచి పిలిచి, పలక్కపోయేసరికి మా తలుపు కొట్టాడు. నేను వెళ్ళేసరికి కళ్ళజోడు ఇంకా ముక్కు మీదే ఉంది. ఈ హిందీ ఊళ్ళో, సెక్టర్ 6లో, ఒకే గోడకు అటూ ఇటూ ముసలివాళ్ళమయ్యాం. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు ఆవిడ శిష్యులు. మంచి మాటలు ఆవిడవి. మిగిలినవి నావి.

ఆవిడ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేది. ప్రత్యుత్పత్తి పాఠం రాగానే మిగతా టీచర్లు "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవారట. ఈవిడ మగపిల్లల్ని బయటికి పంపేది కాదు సరికదా, కిటికీలు కూడా తెరిపించి మరీ చెప్పేది. ఇదేం పద్ధతని పెద్దసారు అడిగితే, "మనమంతా ఆ దారినే వచ్చాం గదండీ" అందట. కూరలవాడితో హిందీలో బేరమాడి, కుదరకపోతే తెలుగులో తిట్టేది. తప్పు కదా అంటే, "వాడికర్థం కాకపోతే అది తిట్టేటి?" అనేది.

నేను తెలుగు ఎమ్మే. ముగ్గురు పిల్లల్ని కన్నాను. కావ్యాల్లో గర్భవతుల వర్ణనలు ఇప్పటికీ నోటికి వచ్చు. వాళ్ళు గర్భవతులెలా అయ్యారో కవులు చెప్పలేదు, నేను అడగలేదు.

పోయిన కార్తికంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. విజయనగరం నుంచి మా ఆడపడుచు వచ్చింది. రాయపూర్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నా మనవరాలూ వచ్చింది. అది ఇక్కడే పుట్టింది. హిందీలో ఆలోచించి తెలుగులో మాట్లాడుతుంది.

"ఏటే పిల్లా, పూజలోకి రావచ్చునా? ఇబ్బందేటీ లేదు గదా?" అని ఆడపడుచు అడిగింది.

"లేదు మామ్మా. నాకు నెల తప్పింది," అంది మనవరాలు, అరటిపళ్ళు కడుగుతూ.

ఈ నెల ఇంకా రాలేదు అని దాని భావం. తెలుగింట్లో ఆ మాటకు కడుపొచ్చిందనే అర్థం, ఇంకోటి లేదు. ఆడపడుచు చేతిలో తమలపాకులు అలాగే ఉండిపోయాయి. దాని నాన్న, మా అబ్బాయి, గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను మాత్రం ఆగలేదు.

"ఎవడే వాడు?" అన్నాను.

అది వీధి వైపు చూసింది. ఎవరో వచ్చారని అడుగుతున్నాననుకుంది. "ఎవరూ లేరు మామ్మా."

"చదివింది చాలు. రేపే హాస్టలు ఖాళీ చేయిస్తాను," అన్నాడు వాళ్ళ నాన్న. అప్పుడు అర్థమైంది దానికి. వాళ్ళ నాన్న వైపు చూడలేదు. నా వైపే చూసింది.

అంతలో టీచరమ్మ పూజకు పూలు పట్టుకుని వచ్చింది. మా ముఖాలు చూసి, "ఎవరైనా పోయారేటి?" అంది. ఆడపడుచు చెవిలో చెప్పింది. టీచరమ్మ పిల్లను దగ్గరికి తీసుకుని హిందీలో ఏదో అడిగింది.

"ఎగ్జామ్స్ థే ఆంటీ. పరీక్షలకి నెలంతా నిద్రే లేదు," అని ఏడ్చింది పిల్ల.

మా అబ్బాయి మెల్లగా జారుకోబోయాడు. వాడూ ఆవిడ దగ్గర చదువుకున్నవాడే.

"నువ్వెక్కడికిరా? ఈ పాఠం చెప్పినప్పుడు బల్ల కింద దూరావు. ఇప్పుడేనా విను," అని వ్రతం పీట మీదే కూర్చుంది టీచరమ్మ. "నెలనెలా ఒక అండం విడుదలవుతాది. అది బతికేది ఒక్క రోజు. మగవాడి కణాలైతే నాలుగైదు రోజులు ముందే వచ్చి కాచుక్కూర్చోగలవు. మగాళ్ళలో ఓపికున్నవి అవే. అవి కలిస్తే గర్భం. కలవకపోతే, అండం వచ్చిన రెండు వారాలకి ముట్టు. మరి అండమే ఆలస్యంగా వస్తే?"

క్లాసులోలా మా ముఖాల వంక వరసగా చూసింది.

"ముట్టూ ఆలస్యమే గదా. జ్వరమొచ్చినా, దిగులు పడినా, నిద్ర లేకపోయినా అండం ఆగిపోవచ్చు. అన్నిటికీ మగాడే కారణమేటి?"

"చెడు రక్తం లోపలే ఉండిపోతే ప్రమాదం గదమ్మా," అంది ఆడపడుచు.

"చెడు రక్తం కాదు తల్లీ. రాబోయే బిడ్డకి వేసిన పక్క. బిడ్డ రాకపోతే పక్క ఎత్తేస్తాం. అంతే."

తరవాత నా వైపు తిరిగింది. "ఎమ్మే చదివావు. వ్యాకరణమేనా చూడొద్దూ? తప్పింది దాని తెలుగు. పిల్ల కాదు."

హాస్టలు ఊసు మా అబ్బాయి మళ్ళీ ఎత్తలేదు. వారం తిరక్కుండానే పిల్లకు నెలసరి వచ్చిందని కోడలు చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకే ఎక్కువ సిగ్గుపడ్డాను. టీచరమ్మ అంత విడమరిచి చెప్పినా నాలో ఓ మూల అనుమానం మిగిలే ఉందన్నమాట.

ఆ రోజునుంచీ మనవరాలు నాతో తెలుగు మానేసింది. హిందీలోనే, అదీ "ఆప్" అంటూ మాట్లాడేది. పరాయివాళ్ళకిచ్చే మర్యాద అది.

సాయంత్రాలు గోడ మీదినుంచి టీచరమ్మ అడిగేది. "పిల్ల ఫోన్ చేసిందా?"

"చేసింది. హిందీలో."

"వ్యాకరణం బాగుందా?"

"బ్రహ్మాండంగా ఉంది."

"క్షమించమని అడిగావేటి?"

"అడుగుదామనుకుంటున్నాను."

"అనుకుంటూ ఉండు," అని లోపలికి వెళ్ళిపోయేది. చివరిసారి మాట్లాడుకున్నదీ అదే.

కబురు వినగానే మనవరాలు మధ్యాహ్నానికల్లా వచ్చింది. టీచరమ్మను తీసుకువెళ్ళేటప్పుడు వీధి పొడుగునా ఆడవాళ్ళు నిలబడ్డారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు, వాళ్ళ కూతుళ్ళు. నేను వాళ్ళ వెనక నిలబడ్డాను. ముందుకెళ్ళడానికి మొహం చెల్లలేదు.

రాత్రి స్నానాలయ్యాక పిల్ల ముందు గదిలోకి వచ్చి, వాళ్ళ నాన్నతో, "పాపా, పీరియడ్స్ వచ్చాయి. నొప్పిగా ఉంది. వేడి నీళ్ళు కావాలి," అంది. గొంతేం తగ్గించలేదు. నన్ను అడగలేదు. మా అబ్బాయి లేచి పొయ్యి వెలిగించాడు.

"ఆ రోజు నేనలా అడగకూడదే. తప్పు నాది," అన్నాను.

వాళ్ళ నాన్న నీళ్ళు మరిగించి, రబ్బరు సంచిలో సగం పోసి సగం ఒలకబోసుకుని, తువ్వాలుతో తుడిచి తెచ్చి ఇచ్చాడు. అది పుచ్చుకుని నా మంచం దగ్గరికి వచ్చింది.

"జరుగు మామ్మా."

గోడ వైపు జరిగాను. అది నాకు వీపు పెట్టి ముడుచుకుని పడుకుంది. మా అబ్బాయి వంటింట్లో ఒలికిన నీళ్ళు తుడుస్తున్నాడు.