నీళ్ళ జగ్గు పట్టిన మిడ్‌ఫీల్డర్

లక్ష్మీపతి గారిది ఫ్రాన్సు అంటే మా న్యూజెర్సీ ఎడిసన్‌లో ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడంలో వింతేమీ లేదు. చామనచాయ మనిషి, పలచబడుతున్న జుట్టు, పప్పుచారు పేరు చెబితే వెలిగిపోయే ముఖం, మాటకు ముందొక ‘ఆయ్’, వెనకొక ‘అండి’. అలాంటాయన ఓక్ ట్రీ రోడ్ కూరగాయల కొట్లో బెండకాయ కొస తుంచి చూస్తూ “మాది ఫ్రాన్సండి” అంటే ఎవరు మాత్రం నమ్ముతారు? మనవాళ్ళు అమెరికాలో కొత్త మొహం కనిపిస్తే పేరుకన్నా ముందు వీసా అడుగుతారు. ఆయన్నీ అడిగారు. “మా ఆవిడ గ్రీన్ కార్డుతో పాటు నాకూ వచ్చిందండి. పాస్‌పోర్టేమో ఫ్రెంచిదండి” అని ఉన్నదున్నట్టు చెప్పారు. కోతలు కోస్తున్నాడని తేల్చేశారు.

నేను నమ్మాను. అది నా తెలివేమీ కాదు, వాళ్ళు మా పక్కింట్లో దిగారు. నా పేరు రాధారాణి, క్యాటరింగ్ చేస్తాను. వంట బాగుంటుంది, నోరు అంత బాగుండదు అని మా ఆయన శేషగిరి అంటుంటారు. లక్ష్మీపతి గారి భార్య గిరిజ కాకినాడ పిల్ల, ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు కరివేపాకు కోసం వచ్చి మాటల్లో ఒక ఫోటో చూపించింది. తెల్లగా, పొడుగ్గా ఉన్న ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మధ్య మోకాళ్ళ దాకా బురదతో పొట్టిగా ఒక తెలుగు కుర్రాడు నవ్వుతున్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఎవరు నోరు పారేసుకున్నా ఆయన తరఫున నేనే దెబ్బలాడేదాన్ని.

ఆయన పుట్టింది యానాంలో. చుట్టూ ఆంధ్రదేశం, మధ్యలో ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ ఊరు. వాళ్ళు వెళ్ళిపోయినప్పుడు కొన్ని తెలుగు కుటుంబాలు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకున్నాయి. లక్ష్మీపతి గారి నాన్న ఫ్రెంచి సైన్యంలో సిపాయి. తల్లీ పిల్లలూ యానాంలోనే ఉండేవారు. మేనమామ పెళ్ళిళ్ళకు వండేవాడు, మేనల్లుణ్ణి వెంట తీసుకెళ్ళి వరసల్లో నీళ్ళు పోయించేవాడు. ఆ మావయ్యకు ఒకటే పట్టింపు. భోజనానికి కూర్చున్నవాడు ‘నీళ్ళు’ అని పిలవకూడదు. పిలిచాడంటే తప్పు పోసేవాడిదే. పిలిచేలోపు గ్లాసు నిండాలి. అలా నిండనప్పుడల్లా పిల్లాడి నెత్తిన మొట్టికాయ పడేది.

పదేళ్ళ వయసులో కుటుంబమంతా దక్షిణ ఫ్రాన్సులో సముద్రం ఒడ్డునున్న ఫ్రెజూస్‌కు తరలిపోయింది. భాష రాకముందే ఆయనకు అక్కడి పిల్లలతో ఆట వచ్చింది. పద్దెనిమిదేళ్ళకల్లా ఒక రెండో డివిజన్ క్లబ్బు తీసుకుంది. పొట్టి మనిషి, వేగం అంతంత మాత్రం, తన్నులో బలం లేదు. అయినా బంతి తన కాళ్ళ దగ్గరకు రాకముందే మైదానంలో ఎవరెక్కడున్నారో చూసి ఉంచుకునేవారు. అందుకని మధ్యలో, అంటే మిడ్‌ఫీల్డ్‌లో ఆడించారు, గోల్ కొట్టేవాళ్ళకు బంతి అందించే పనిలో. ఇలా చూడడం నీకెవరు నేర్పారని కోచ్ అడిగితే ‘మా మావయ్య’ అన్నారట. ఆయన ఏ క్లబ్బుకు ఆడాడని కోచ్ మళ్ళీ అడిగాడు. పెళ్ళిళ్ళకు వండేవాడు అంటే, ఈ కుర్రాడు తనను ఆటపట్టిస్తున్నాడనుకుని మైదానం చుట్టూ పరిగెత్తించాడట. ఇది చెప్పినప్పుడల్లా లక్ష్మీపతి గారు కడుపు పట్టుకుని నవ్వేవారు.

ముప్పై దాటేదాకా ఆడారు. ఒక్క సీజన్ పెద్ద డివిజన్‌లో కూడా ఉన్నారు గానీ చాలాభాగం బెంచీ మీదే గడిచింది. ఆ తర్వాత మోకాలు పోయింది, క్లబ్బు కాంట్రాక్టు పొడిగించలేదు. పెళ్ళయి ఫ్రాన్సుకు కాపురానికి వచ్చిన గిరిజ, నర్సు పరీక్షలు రాసి 2001లో న్యూజెర్సీకి వస్తే ఆమె వెనకే వచ్చి, స్కూలు బస్సు డ్రైవరుగా చేరారు. అన్నేళ్ళు ఫుట్‌బాల్ ఆడి పసుపు బస్సు నడపడమేమిటండీ అని ఒకసారి నేనే నోరు జారాను.

“ఇదీ అదేనండి రాధారాణి గారూ. ముందు రోడ్డు చూసుకోవాలి, అద్దంలో పిల్లల్ని చూసుకోవాలి. కాకపోతే ఇక్కడ ఎవరూ కాళ్ళ మీద తన్నరు” అన్నారు.

ఆయన నిజంగానే అంత తృప్తిగల మనిషి. పొడుగాటి ఫ్రెంచి రొట్టెలో ఆవకాయ ముద్ద పెట్టుకుని తింటూ వాకిట్లో కూర్చుంటే చూసేవాళ్ళకు ఆకలేసేది. కానీ ఆట లేని లోటు ఒకటి ఉండేది. 2004లో మా టౌన్ పార్కులో ఆడపిల్లల జట్టుకు మంగళవారాలు ప్రాక్టీసుకూ శనివారాలు ఆటకూ కోచింగ్ చేయమని అడిగాక అదీ తీరింది. “మా ఆయన మళ్ళీ నిద్రలో కాళ్ళు ఆడిస్తున్నారక్కా” అని గిరిజ మురిసిపోయింది.

ఆ జట్టు పోయే పరిస్థితి 2009లో వచ్చింది. అప్పటికి జట్టులో నలుగురు మన పిల్లలు. వాళ్ళలో మనీషా ఆరో తరగతి. మధ్యలో ఆడేది, నెమ్మది పిల్ల. వాళ్ళ నాన్న తిరుపతయ్య గారిది కరీంనగర్, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం. ఆట అయిన వెంటనే కూతుర్ని ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే, ఎన్ని గోల్స్ అని. లెక్కల పరీక్షలో మార్కులు అడిగినట్టే అడిగేవారు. పాపం మనీషా తల దించుకునేది. ఒక శనివారం ఆయన నేరుగా కోచ్ దగ్గరకే వచ్చారు. శాండ్‌విచ్‌లు పంచడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

“కోచ్ సార్, మా బిడ్డకు ఈ సీజన్ల ఒక్క గోల్ లేదు. ఫార్వర్డ్‌ల పెట్టండి. రేపు కాలేజ్ అప్లికేషన్‌ల ఏం రాయాలె?”

“గోల్స్ కొట్టించేది తనేనండి. చూసి ఇస్తుంది.”

“ఇచ్చుడు ఎవ్వలు కౌంట్ చేస్తరు సార్? మీరెన్ని కొట్టిన్రు ఫ్రాన్స్‌ల?”

“తొమ్మిదండి” అన్నారు లక్ష్మీపతి గారు గర్వంగా.

“ఒక్క సీజన్‌లనా?”

“మొత్తం మీదండి. అందులో ఒకటి నా వీపుకు తగిలి వెళ్ళింది.”

తిరుపతయ్య గారు నా వైపు చూశారు. నేను శాండ్‌విచ్‌ల వైపు చూశాను. వారం తిరిగేసరికి మిగతా మూడిళ్ళవాళ్ళకూ ఫోన్లు వెళ్ళాయి. ఫీజు ఎక్కువైనా సరే, గోల్స్ కొట్టించే క్లబ్బు ఒకటుందట, సీజన్ మధ్యలోనైనా చేర్చుకుంటారట. నలుగురూ పోతే ఆడడానికి సరిపడా పిల్లలుండరు. జట్టును రద్దు చేస్తామని లీగ్‌వాళ్ళు ముందే చెప్పారు.

“నలభై ఐదేళ్ళొచ్చాయండి. ఈ శనివారాలు కూడా పోతే నేనేం చేసుకోవాలండి?” అన్నారు లక్ష్మీపతి గారు మా వాకిట్లో నిలబడి. ఆ మనిషి ముఖంలో దిగులు చూడడం నాకదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, ఏడిస్తే ఆయన ఇంకా బెంగపడతారని కాఫీ కలిపి ఇచ్చాను.

అప్పుడే తెలుగు సంఘం ఉగాది భోజనాలు వచ్చిపడ్డాయి. ప్రతి ఏడూ బఫే పెట్టేవాళ్ళం. ఆ ఏడు కమిటీవాళ్ళకు సంప్రదాయం మీద ప్రేమ పుట్టి, వరసగా కూర్చోబెట్టి విస్తట్లో వడ్డించాలన్నారు. వడ్డించేది మాత్రం వాళ్ళు కాదు. పట్టుబట్టలు కట్టుకుని ఫోటోలు దిగే పని వాళ్ళకు చాలా ఉంది. మనుషులు చాలక నేను తల పట్టుకుని కూర్చుంటే లక్ష్మీపతి గారు వచ్చి, మా జట్టు పిల్లలతో వడ్డన చేయించనా అని అడిగారు. ఆయన ఇబ్బందీ అర్థమైంది. మైదానంలో ఆ పిల్లలంతా బంతి ఎక్కడుంటే అక్కడికే గుంపుగా పరిగెత్తి, నాకివ్వు నాకివ్వు అని అరుస్తున్నారు. చుట్టూ చూసేది ఒక్క మనీషానే. ఎన్నిసార్లు చెప్పినా మిగతావాళ్ళ బుర్రకెక్కడం లేదు.

హాల్లో వాళ్ళను నిలబెట్టి, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి ఆయన చెప్పింది ఇంతే. “ఎవరైనా పిలిచారంటే యూ ఆర్ లేట్. మీలో మీరు అరుచుకోకూడదు. తల ఎత్తి చూసి వెళ్ళాలి.” పప్పు ఒకరికి, పులిహోర ఒకరికి ఇచ్చి, మనీషా చేతికి నీళ్ళ జగ్గు ఇచ్చారు.

“వాటర్ ఓన్లీనా, కోచ్ అంకుల్?” అంది ఆ పిల్ల చిన్నబుచ్చుకుని.

“వాటరే పెద్ద పనమ్మా. అందరి దగ్గరకూ వెళ్ళేది నువ్వే. గ్లాసు ఒక్కటే చూడకు, ముఖం కూడా చూడు.”

మొదటి వరస గందరగోళమే. ఒకావిడ చీర మీద సాంబారు పడింది. రెండో వరసకు పిల్లలు సర్దుకున్నారు. మూడో వరసలో ఎవరూ ఎవర్నీ పిలవడం లేదని వంటింటి గుమ్మంలోంచి చూసి నేనే ఆశ్చర్యపోయాను. సరిగ్గా అప్పుడు తిరుపతయ్య గారు విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా వంటింట్లోకి వచ్చారు.

“ఏంది సార్ ఇది? నా బిడ్డతోని నీళ్ళు పోయిస్తరా? సాకర్ నేర్పమంటే సర్వర్ పని నేర్పుతున్రా? చాలు సార్. మంగళవారం నుంచి నలుగురూ రారు.”

నేను జవాబు చెప్పబోతే లక్ష్మీపతి గారు చెయ్యి అడ్డం పెట్టారు. తిరుపతయ్య గారు విసురుగా వెళ్ళిపోయారు. మనీషా వెనకాలే వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి జగ్గు కోచ్ చేతికి ఇచ్చింది.

“కోచ్ అంకుల్, డాడీ ఏమీ తినలేదు. జస్ట్ కలుపుతూ ఉన్నాడు. వాటర్ మాత్రం మళ్ళీ మళ్ళీ తాగాడు. ఇంట్లో కూడా అంతే.”

ఆ పిల్ల వెళ్ళాక ఆయన జగ్గు మళ్ళీ నింపుతూ నాతో అన్నారు. “అంత కోపం గోల్స్ గురించి కాదండి. వారం నుంచి బస్సు ఖాళీ చేసుకుని వస్తుంటే లైబ్రరీ పార్కింగ్‌లో ఆయన కారు కనిపిస్తోంది. కార్లో ఆయనా ఉంటున్నారు. ఆఫీసు టైములోనండి.”

ఆ ఏడాది ఆర్థిక మాంద్యంలో ఎన్ని ఇళ్ళల్లో ఉద్యోగాలు పోయాయో అందరికీ తెలుసు.

మర్నాడు బస్సు డిపోలో పెట్టేసి, నా దగ్గర పులిహోర కట్టించుకుని, లక్ష్మీపతి గారు ఆ పార్కింగ్‌కు వెళ్ళి కారు అద్దం తట్టారు. లోపల జరిగింది చాలాకాలం తర్వాత తిరుపతయ్య గారే మాకు చెప్పారు. జట్టు ఊసే ఎత్తలేదట. తన కథ చెప్పారట. ఫ్రాన్సులో క్లబ్బు వద్దన్నాక ఆ సంగతి గిరిజకు చెప్పలేక, నెలల తరబడి రోజూ పొద్దున్నే కిట్ బ్యాగు భుజాన వేసుకుని ప్రాక్టీసుకని బయల్దేరి సముద్రం ఒడ్డున కూర్చుని వచ్చేవారట.

“ఎట్ల దొరికిన్రు మరి?” అని అడిగారట తిరుపతయ్య గారు.

“బురద లేదండి. ఉతకడానికి వేసిన బట్టలకు బురద ఎందుకు లేదని మా ఆవిడ అడిగింది. ఇంట్లోవాళ్ళకు తెలుస్తుందండి. మీ అమ్మాయికి ఆల్రెడీ తెలుసు. చెప్పేస్తే మీరు అన్నం తినగలుగుతారు.”

తిరుపతయ్య గారు స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చారట. తర్వాత పులిహోర మొత్తం తిన్నారట. ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పేశారు. ఆ తర్వాత ఆయన ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది. మా ఆయన తన ఆఫీసులో మాట్లాడారు, ఇంకొకరు రెజ్యూమే తీసుకెళ్ళారు, ఎండాకాలం వచ్చేసరికి ఉద్యోగం దొరికింది.

ఇక మంగళవారం సంగతి. ప్రాక్టీసు వేళకు మిగతా పిల్లల్ని మైదానంలో పరిగెత్తమని చెప్పి లక్ష్మీపతి గారు ఒక్కరే పార్కు అంచున నిలబడి రోడ్డు వైపు చూస్తున్నారు. అంతలో తిరుపతయ్య గారి వ్యాన్ వచ్చి ఆగింది. నలుగురు పిల్లలూ దిగారు. ఆయన కూడా దిగి, మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ శనివారం ఆటలో మావాళ్ళు ఓడిపోయారు. కానీ మైదానంలో అరుపుల్లేవు. పిల్లలు తల ఎత్తి చూసుకుంటూ ఆడారు. మనీషా ఆ సీజన్ మొత్తంలో ఒక్క గోల్ కూడా కొట్టలేదు, వాళ్ళ నాన్న అడగడం మానేశారు.

లక్ష్మీపతి గారు ఆ తర్వాత ఆరేళ్ళ పాటు పిల్లలకు నేర్పారు. 2015 మొదట్లో మోకాలి ఆపరేషన్ అయ్యాక గిరిజ ఇక చాలంది, ఆయన సరేనన్నారు. బాధేమీ పడలేదు. ఉగాది వడ్డన మాత్రం మా ఊళ్ళో ఆ జట్టు పిల్లల పనిగానే నిలిచిపోయింది. ఆ ఏడు భోజనాలకు కర్ర పట్టుకుని వస్తే, ఎన్నడూ లేనిది, ఆయన్ను మొదటి వరసలో కూర్చోబెట్టాం. ఇన్నేళ్ళూ వడ్డించే వైపే ఉన్న మనిషికి కూర్చోవడం కొత్త, కాసేపు ఇబ్బందిగా కదిలారు. గ్లాసు సగమైందో లేదో నిండిపోతోంది. ఎవరు పోస్తున్నారో ఆయన చూడనే లేదు.

“ఈ ఏడు వాటర్ మీద ఎవరున్నారండి? బాగా చూసుకుంటున్నారే” అని నన్నడిగారు.

వరస చివర చూపించాను. పంచె ఎగ్గట్టి, జగ్గు పట్టుకుని, తల ఎత్తి వరసంతా ఒక్కసారి చూసుకుంటూ తిరుపతయ్య గారు నిలబడి ఉన్నారు. లక్ష్మీపతి గారు కళ్ళు చికిలించి ఆయన్ని కాసేపు పరీక్షగా చూశారు.

“మిడ్‌ఫీల్డ్‌కు పనికొస్తారండి” అని, తృప్తిగా పప్పులోకి నెయ్యి అడిగారు.