మా ఇంట్లో మూడు రోజులున్న రాయి

శుక్రవారం, పొద్దున తొమ్మిదీ పది. గడియారం చూసి చెప్పడం లేదు (అప్పటికి నాకు అంకెలు రావు), "తొమ్మిదీ పదైంది, పదింటికి పరీక్ష!" అని మేష్టారు అరవబట్టి తెలిసింది.

ఆ రోజుల్లో నాకు తెలివి కంటే భక్తి ఎక్కువ, భక్తి కంటే భయం ఎక్కువ. బందరులో ఒక కాలేజీలో, రాళ్ల పాఠం చెప్పే మేష్టారి గదిలో టెంపరరీ ఆయాని. ఆ ఏడు పర్మినెంట్ చేస్తారని ఆశ, దానికి రాసి పంపాల్సింది మేష్టారే. మంగళవారం బల్లలు తుడుస్తుంటే అట్టపెట్టెలో నల్లటి గుండ్రాయి కనపడింది, మీద చుట్ట చుట్టుకున్న చక్రం. సాలగ్రామం! (పక్కనే చీటీ ఉంది. చదువొస్తే బతికిపోయేదాన్ని.) నీళ్లూ తులసీ లేక దేవుడు ఎండిపోతున్నాడని కడుపు తరుక్కుపోయి, నాలుగు రోజులు అభిషేకం చేసి తెచ్చి పెట్టేద్దామని కొంగున కట్టుకొచ్చేశాను.

మాది సముద్రం మీద బతికే ఇల్లు. సాలగ్రామం ఉన్నచోట నీచు వండకూడదని మా అత్త కట్టడి చేసింది. మూడు రోజులూ పప్పుచారే. మా ఆయన బోటు దిగి, చందువా చేపలు రేవులోనే అమ్మేసి వచ్చి, కంచం ముందు కూర్చుని "ఈ రాయి ఎప్పుడెళ్తుందే?" అన్నాడు. "దేవుణ్ణి రాయంటావట్రా!" అని అత్త గరిటె ఎత్తింది.

శుక్రవారం మేష్టారు అలమరలన్నీ గుమ్మరించేశారు. "పిల్లలకి పరీక్ష పెట్టడానికి పై ఊరి నుంచి వస్తున్నారు. ఆ రాయి లేకపోతే సంజాయిషీ రాసుకోవాలి." చెబితే నేను దొంగ, చెప్పకపోతే ఆయన దొంగ. "ఇప్పుడే వస్తానండీ" అని ఆటో ఎక్కి ఇంటికెళ్తే అత్త ఇవ్వనంది. "దేవుడికి పరీక్షేంటే? ఆయనేం తప్పాడు?" చివరికి ఒంటరిగా పంపనని, తడి చీరతోనే, ఇత్తడి పళ్లెంలో పెట్టుకుని తనూ ఆటో ఎక్కింది.

మేష్టారు పళ్లెం చూశారు, నన్ను చూశారు, అంతా అర్థమైపోయింది. పసుపూ కుంకుమా తుడిచే టైమేదీ? పరీక్షకొచ్చిన బట్టతలాయన అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. "ఏంటండీ ఇది?" మేష్టారు అందుకున్నారు. "హిమాలయాల్లోది సార్. అక్కడ ఒకప్పుడు సముద్రం. అడుగున బురద పొరలు పొరలుగా పేరుకుని, ఈ చుట్ట చుట్టుకున్న జీవి అందులో కూరుకుపోయి రాయైంది. తర్వాత రెండు వైపుల నుంచి నేల నెట్టుకొచ్చేసరికి..." అంటూ బల్ల మీది కలంకారీ దుప్పటిని రెండు చేతులా దగ్గరికి నెట్టారు. గుడ్డ మడతలు పడి పైకి లేచింది. "సముద్రం అడుగు ఇలా కొండెక్కింది."

"అది నాకూ తెలుసు. కుంకుమ సంగతి చెప్పండి," అన్నాడాయన.

మేష్టారు దుప్పటి మడతలు సర్దసాగారు. "నేనే తీసుకెళ్లానండీ. సాలగ్రామం అనుకుని పూజ చేశాను. మేష్టారిదేం తప్పు లేదండీ," అనేశాను.

ఆయన రాయిని చాలాసేపు తిప్పి చూశాడు. "అనుకోవడమేంటమ్మా, సాలగ్రామమే. ఈ గుల్లనే మా ఇంట్లోనూ కొలుస్తాం." అటూ ఇటూ చూసి కళ్లకద్దుకున్నాడు. "పిల్లల్ని పిలవండి, మొదలెడదాం."

మా అత్తకి గుల్ల అన్న మాట పట్టుకుంది. "అంటే ఇది సముద్రంలో బతికిందేనా బాబూ?"

"అవునమ్మా, చేపలతో పాటే తిరిగేది."

"మరి మూడు రోజులు నా కొడుకు నోరెందుకు కట్టించావే!" అని నా మీద విరుచుకుపడింది.

ఉద్యోగం పర్మినెంటైంది. అరవై దాటాక అక్షరాలు దిద్దుకుని ఇది రాస్తుంటే, ఆ ఆటోలో వణుకుతూ కూర్చున్న పిల్లని చూసి నవ్వొస్తుంది, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలనీ అనిపిస్తుంది. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లం: మేష్టారు, బట్టతలాయన, మా అత్త, నేను, బల్ల మీద పసుపుతో ఆయన.