ఫోనులో చూసిన గడ్డ

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది, రాజమండ్రిలోని ఒక స్కానింగ్ సెంటర్లో సీనియర్ రేడియాలజిస్టుగా, అంటే స్కానులు చదివి రిపోర్టు రాసే డాక్టరుగా, నా ఆఖరి ఉద్యోగం. వానాకాలపు సార్వా నాట్లకు ముందు ఒక శుక్రవారం పెద్దాపురంలో బంధువుల పెళ్లికి వెళ్లాను. భోజనాల వేళకు కొవ్వూరు నుంచి ఒక డాక్టరుగారు వాట్సాప్‌లో సీటీ ఫిల్ము ఫొటో పంపారు. రోగి సత్యనారాయణ, దగ్గుతో వచ్చిన కౌలురైతు. పక్కటెముకల లోపలివైపు, ఊపిరితిత్తిని ఆనుకుని నిమ్మకాయంత గడ్డ. క్యాన్సర్ అనుమానించాలి, సూది పరీక్ష చేయించండి అని రాసి పంపేసి విస్తరి ముందు కూర్చున్నాను.

రెండో ముద్ద దగ్గర ఆగి, ఫోను మళ్లీ తీసి చూశాను. ఆ ఫొటో ఊపిరితిత్తులు స్పష్టంగా కనిపించేలా సర్దిన చిత్రానిది. అందులో కండైనా కొవ్వైనా ఒకేలా తెల్లగా ఉంటాయి. తేడా తెలియాలంటే సాంద్రత కొలవాలి. నీటిని సున్నా అనుకుంటే కండ, క్యాన్సర్ గడ్డలాంటివి నలభై దగ్గర, కొవ్వు మైనస్ వంద చుట్టుపక్కల ఉంటుంది. ఏళ్ల తరబడి పీజీ విద్యార్థులకు ఇదే నూరిపోసిన నేను, వడ్డన మొదలైందని ఫోను చూసి తీర్పు చెప్పేశాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

వెంటనే ఫోన్ చేసి, రోగికి ఇంకా ఏమీ చెప్పొద్దన్నాను. చెప్పేశానన్నారు డాక్టరుగారు. అసలు ఫైళ్లున్న సీడీ కావాలన్నాను. అది సోమవారానికి గానీ రాదన్నారు. ఆ రెండు రోజులూ ఇంట్లో నాకు కాలు నిలవలేదు.

సోమవారం ఉదయం సత్యనారాయణగారు, ఆయన భార్య సీడీ పట్టుకుని మా సెంటరుకే వచ్చారు. గడ్డ మీద కర్సర్ పెట్టాను. మైనస్ నూట ఐదు. మరో నాలుగుచోట్ల కొలిచాను, అటూ ఇటుగా అంతే. లోపల మందపాటి పొరలు లేవు, పక్కనున్న ఎముక చెక్కుచెదరలేదు. లైపోమా, వట్టి కొవ్వు గడ్డ. దానికి సూదీ అక్కర్లేదు, కత్తీ అక్కర్లేదు.

"క్యాన్సర్ కాదండి. దగ్గుకి వేరే కారణం చూద్దాం," అన్నాను.

ఆయన నవ్వలేదు. భార్యవైపు చూశారు.

"నిన్ననే చేను ఒప్పజెప్పేశామండి," అన్నారావిడ. "ఈయనింక మడిలో దిగలేరనుకున్నామండి. చేను గల ఆసామిగారు అప్పుడే వేరేవాళ్లకి కౌలుకిచ్చేశారండి."

ఆసామితో నేను మాట్లాడతానన్నాను.

"ఏం మాట్లాడతారండీ? ఇప్పుడు చేను తీసుకున్నాయనా నాలాగా కౌలుకి చేసుకునేవాడేనండి," అన్నారు సత్యనారాయణగారు.

రిపోర్టు రాసి సంతకం పెట్టడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఆ సార్వాకు ఆయన అదే చేలో కూలికి వెళ్లారని తరువాత తెలిసింది. కొలవకుండా గడ్డకు పేరు పెట్టకూడదని నాకు చదువుకునే రోజుల్లోనే చెప్పారు. పేరు పెట్టిన గంట నుంచే మనిషి తన బతుకును దానికి తగ్గట్టు సర్దుకోవడం మొదలుపెడతాడని మాత్రం ఉద్యోగం చివరి ఏడాదిలో తెలుసుకున్నాను.