మస్తాన్ ఆపేసిన గురువారాలు

దయ్యాలు, ఆత్మలు ఉన్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నరసరావుపేటలో పద్నాలుగేళ్లుగా కౌన్సిలింగ్ చేస్తున్నాను. నమ్మకపోవడం నా వృత్తికి ఒక అర్హత అనుకునేవాణ్ణి. ఇప్పుడు రాయబోయేది మస్తాన్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. అతని పేరు మాత్రం మార్చాను.

మస్తాన్ ట్రాక్టర్ మెకానిక్. ఆరేళ్ల కూతురు జ్వరంతో పోయాక పనిలోకి వెళ్లడం మానేశాడు. భార్య అతన్ని నా దగ్గరికి తీసుకొచ్చింది. నా ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. ముస్లిం అని రాసి కింది గడికి వెళ్లిపోయాను.

ప్రతి గురువారం పొద్దుగూకే వేళకు వాళ్లింట్లో ఊదు పొగ వేసి, పాపకు ఇష్టమైనవి వండిపెట్టి, ఆమె పేరు చెప్పి ఫాతెహా ప్రార్థన చదివేవాళ్లు. ఆ సాయంత్రం పోయినవాళ్లు ఇంటికొస్తారని వాళ్ల నమ్మకం. మర్నాడు తెల్లవారేలోపు పాప అతని కలలోకి వచ్చేదట. ఎప్పుడూ ఒక్కతే వచ్చి గుమ్మం దగ్గర నిలబడేదట. అంత చిన్నపిల్ల ఒక్కతే ఉందన్నదే అతని బాధ.

నాలుగోసారి వచ్చినప్పుడు అతని ముఖం తేటగా ఉంది.

"మా పాప ఒక్కతే లేదు సార్. ఎవరో హిందువులామె చెయ్యి పట్టుకోనుంది. ఆమెకు నెత్తిన వెంట్రుకల్లేవు. కుడికాలికి మెట్టెలున్నయ్, ఎడమకాలికి లేవు. అదేందో నాకర్థం కాలా."

క్లయింటు మాట ఉన్నదున్నట్టు రాసుకోవడం నాకు అలవాటు. అలాగే రాశాను. దాని కింద, "కోరిక తీరినట్టు ఊహించుకుంటున్నాడు. మరణాన్ని అంగీకరించడం లేదు" అని నా అభిప్రాయం రాశాను. ఆ గురువారాలే గాయాన్ని మాననివ్వడం లేదని, కొంతకాలం ఆపి చూడమని చెప్పాను.

ఆపితే పాప రాదేమోనని అడిగాడు. రాకపోతే నయమైనట్టే అన్నాను. ఆ మాట చాలా మెత్తగా అన్నాను.

చదువుకున్నవాణ్ణి చెప్పానని ఆపేశాడు. రెండు నెలల్లో పనిలోకి వెళ్లాడు. మెరుగుపడ్డాడని రాసి ఫైలు మూసేశాను.

ఆ పేజీ మీది తేదీకి ఏడు నెలల తర్వాత నా భార్య సుజాతకు క్యాన్సర్ బయటపడింది. వైద్యంతో జుట్టంతా రాలిపోయింది. చివరి వారం ఎడమకాలు బాగా వాచింది. వేళ్లకు మెట్టెలు బిగుసుకుపోతే నర్సు కత్తిరించి తీసింది. కుడికాలివి అలాగే ఉన్నాయి. పోయిన రోజు వాళ్లక్క ఎడమకాలికి వేరే మెట్టెలు తొడగబోయింది. ఎక్కలేదు. అలాగే సాగనంపాం.

మస్తాన్ సుజాతను ఎప్పుడూ చూడలేదు. చూసినా, అతనికి ఆ కల వచ్చేనాటికి ఆమె మంచి ఆరోగ్యంతో ఉంది. నడుము దాకా జడ ఉండేది.

నెల తర్వాత క్లినిక్‌కు వెళ్లి వేరే ఎవరి కాగితాలో వెతుకుతుంటే ఆ ఫైలు చేతికొచ్చింది. ఆ పేజీ నిలబడే చదివాను. తర్వాత కూర్చున్నాను. యాదృచ్ఛికమని చెప్పుకున్నాను. దుఃఖంలో మనసు లేని పోలికలు వెతుక్కుంటుందని చెప్పుకున్నాను. ఇవన్నీ నేను ఇతరులకు చెప్పే మాటలే. కానీ ఆ రాత నాది, తేదీ వేసింది నేనే.

అతని షెడ్డుకు వెళ్లాను. ట్రాక్టర్ కింద నుంచి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఏంది సార్, కారు మొరాయించిందా? దాని సంగతి నాకు తెల్వదు, దుక్కి దున్నేదైతేనే చూస్తా."

జరిగిందంతా చెప్పాను. ఆమె మళ్లీ కనిపించిందా, పాప చెయ్యి ఇంకా పట్టుకునే ఉందా అని అడిగాను. అతను చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు.

"ఆపమన్నారుగా సార్, ఆపేశా. పాప మళ్లా రాలా."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మళ్లీ మొదలుపెట్టగలవా అని అడిగాను, ఆపమన్న నేనే. సుజాత పేరు కూడా చెప్పి చదవచ్చా అన్నాను. మసీదు హజరత్‌తో తను మాట్లాడుకుంటానన్నాడు.

"మేడంకి తినటానికి ఏవిష్టం సార్?"

పోయినవాళ్ల గురించి ఇన్నేళ్లలో నేను ఎవరినీ అలా అడగలేదు. పూర్ణాలు అని చెప్పాను. మస్తాన్ భార్య అంతకుముందెప్పుడూ అవి చేయలేదు. మొదటి గురువారం సగం నూనెలోనే విచ్చిపోయాయి.

ఇప్పటికి ఎనిమిది గురువారాలయ్యాయి. ఆ పేజీలోని మనిషి ఎవరో, ముందే అందులోకి ఎలా వచ్చిందో నేను చెప్పలేను. పాప మళ్లీ వచ్చిందని మస్తాన్ చెబితే నమ్ముతానో లేదో కూడా తెలియదు. వస్తున్న బిడ్డను రానివ్వకుండా చేశానన్నది మాత్రం తెలుసు.

శుక్రవారం పొద్దున్నే అతను ఫోన్ చేస్తాడు.

"రాలా సార్."

"సరే మస్తాన్" అంటాను.

వెంటనే ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టెయ్యం.