ఆ రిలీజ్ కోడ్ రాసింది నజీరా

నజీరా రాసిన కోడ్ యజమాని జయరావు పేరుతో బయటికి వెళ్ళింది. ఆమె చూస్తూ ఊరుకుంది. బ్రాడీపేటలోని ఆ ఆఫీసులో అందరి పనీ అలాగే వెళ్ళేది. అది అన్యాయమని అక్కడెవరూ అనుకోలేదు. అనుకున్నా, వినుకొండ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ నెట్టుకొస్తున్న ఆడపిల్ల అడిగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

మిర్చి కోల్డ్ స్టోరేజీలకు కాటా కంప్యూటర్లు అమర్చే కంపెనీ అది. లారీ కాటా ఎక్కగానే బరువు తెరమీద పడాలి. సీజన్లో మిరప దుమ్ము ఆ కంప్యూటర్ మిషన్ లోపలికి చేరి సర్క్యూట్ కార్డుల మీద పేరుకునేది. కాటా ఆపరేటర్ అల్లాబక్షు మాత్రం మిషన్ ఆపేవాడు కాదు. ఆపితే వెనకాల లారీలు రోడ్డు మీదికొస్తాయి, డ్రైవర్లు బూతులందుకుంటారు. నడుస్తుండగానే కార్డు తీసే వీలు ఆ మిషన్‌కుంది. బటన్ నొక్కి, లైటు ఆరగానే కార్డు పీకి, బ్లోయర్‌తో దులిపి మళ్ళీ పెట్టేవాడు. సగంసార్లు బటన్ నొక్కగానే మిషన్ బిగుసుకుపోయేది.

దుమ్ము పడనివ్వకండి అని జయరావు బోర్డు రాయించాడు. "మిరపకాయ చదువుతుందా సార్ ఆ బోర్డు?" అన్నాడట అల్లాబక్షు.

తప్పెక్కడుందో నజీరా వెతికింది. ఆ కార్డుల్లాంటి పరికరాలు మెమరీని ఇష్టమొచ్చినట్టు ముట్టుకోకుండా కాపలా కాసే హార్డ్‌వేర్ కంప్యూటర్లో ఉంటుంది. ఏ పరికరానికి మెమరీలో ఎంత మేర ఇవ్వాలో చూసేది అదే. పరికరాన్ని తీసేటప్పుడు ఇచ్చింది వెనక్కి తీసుకోవాలి. దీన్నే రిలీజ్ అంటారు. ఆ కాపలా చిప్‌ను నడిపే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఒక్కో రకం చిప్‌కు ఒక్కో డ్రైవర్, ఒక్కో డ్రైవర్లో రిలీజ్ ఒక్కో తీరు. వీళ్ళ మిషన్లో డ్రైవర్ ముందు మెమరీని వేరే ప్రోగ్రాములకు ఇచ్చేసి, ఆ తర్వాత తీరిగ్గా పరికరాన్ని విడదీసేది. ఈలోపు పరికరం ఆ చోటు ఇంకా తనదే అనుకుని అందులో రాసేసేది. ఏసీ గదుల్లో సర్వర్లు పెట్టుకున్నవాళ్ళు కార్డు తీసేదే అరుదు. అందుకే ఈ తప్పు ఎవరి కంటా పడలేదు.

ఒక్క డ్రైవర్‌ను సరిచేసి వదిలేయొచ్చు. ఆమె అలా చేయలేదు. అన్ని డ్రైవర్లలోనూ విడివిడిగా ఉన్న రిలీజ్ కోడ్ తీసేసి, ఆ పని అందరికీ కలిపి ఒక్కచోట పెట్టింది. ముందు పరికరానికి దారి మూయాలి, తర్వాతే మెమరీ వదలాలి. చేర్చిన కోడ్ కొంచెం, తీసేసింది చాలా. కాటా దగ్గరే నిలబడి అల్లాబక్షు చేత పదేపదే కార్డు పీకించి చూసింది. మిషన్ ఆగలేదు.

ఆ మిషన్లో ఉన్నది సోర్స్ అందరికీ తెరిచి ఉన్న ఆపరేటింగ్ సిస్టం. మార్పును దాని నిర్వాహకులకు పంపాలి. రాసినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట జయరావు తన పేరు పెట్టాడు. "నీ పేరెవరికి తెలుసమ్మా? నాదైతే నలుగురూ చూస్తారు" అన్నాడు. ఆమె సరే సార్ అంది. నిర్వాహకులు మెచ్చుకుని తీసుకున్నారు. ఒకసారి లోపలికి వెళ్ళాక ఆ పేరు మారదు.

తర్వాత హైదరాబాదులో సరిగ్గా ఇలాంటి డ్రైవర్లు రాసే ఉద్యోగం పడింది. ఇంటర్వ్యూలో ఏం చేశావని అడిగితే ఇదే చెప్పింది. ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దమనిషి అక్కడికక్కడే సోర్స్ తెరిచి చూశాడు. ఆమె ఒక్కో వరుసా ఎందుకు రాసిందో చెప్పుకుపోతుంటే మర్యాదగానే విన్నాడు.

"జయరావు గారి దగ్గర బాగా నేర్చుకున్నారండీ" అన్నాడు చివరికి.

తనే రాసినట్టు సాక్ష్యం తెస్తే మళ్ళీ చూస్తామన్నారు. జయరావును అడిగింది. "రాసింది నువ్వే. రాయించింది నేను. దానికి కాగితం దేనికి?" అని నవ్వాడు. ఆ వారమే ఆమెను పనికి రావొద్దన్నాడు. ఆఫీసు మిషన్లో ఉన్న ఆమె పాత ప్రతులు చెరిపేశారు. అల్లాబక్షు తనంతట తానే హైదరాబాదుకు ఫోన్ చేసి, నా కళ్ళముందే చేసిందండీ అని చెప్పాడు. కాటా ఆపరేటర్ మాట ఇందులో చెల్లదన్నారు. పక్క కుర్చీల్లో కూర్చుని ఆమె రాస్తుంటే చూసినవాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు. వాళ్ళకూ ఉద్యోగాలు కావాలి.

ఇప్పుడు వినుకొండ బస్టాండ్ ఎదురుగా జిరాక్స్ షాపులో హాల్‌టికెట్లు ప్రింటు తీస్తోంది. ఆమెను కలవడానికి నేను వెళ్ళిన రోజు ఈ సంగతి ఎత్తితే, "పోనీండి, మిషన్లు నడుస్తున్నాయిగా" అంది. ఆ హైదరాబాదు ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది, ఎన్నాళ్ళో ఉండదు.

ఆ ఆఫీసులో ఆమె పక్కన కూర్చున్నవాళ్ళు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను. మీరు చూసింది చూశామని సంతకం పెట్టి ఆ హైదరాబాదు కంపెనీకి పంపండి. ఒక్కరుగా భయమైతే కలిసి పంపండి. ఇది చదివే మిగతావాళ్ళు వాళ్ళకు తెలిసినవాళ్ళయితే, ఇవాళే వెళ్ళి సంతకం పెట్టమని అడగండి. మీ ఆఫీసులో ఎవరి పనైనా ఇంకొకరి పేరుతో బయటికి వెళ్తుంటే, వెళ్ళకముందే ఆపండి.