కట్ అన్నా ఆగని సత్యక్క

మీసం అతికించే జిగురు వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు. ఇవాళ పొద్దున కూడా అంతే అయింది. మా సీరియల్ వాళ్ళు హన్మకొండ సుబేదారిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని షూటింగ్ పెట్టారు. మేకప్ ఆయన నా పెదవి మీద జిగురు రాస్తుంటే ఆ ఘాటుకు నా కళ్ళు చెమర్చాయి, కాళ్ళు వాటంతటవే ఊగడం మొదలుపెట్టాయి. కాస్త కదలకుండా కూర్చోండి సార్, మీసం వంకర పోతుందని ఆయన మొత్తుకున్నాడు. ఎలా కూర్చోను? ఈ వాసన ఉన్న ప్రతి గదిలోనూ సత్యక్క అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. నిలబడే చాయ్ తాగేది, నిలబడే జడ వేసుకునేది, కూర్చున్నవాళ్ళను చూస్తే ఊరుకునేది కాదు. ఆమె పోయి ఏడాది దాటింది.

సత్యక్కది నర్సంపేట. మీలో చాలామంది ఆమె పేరు కూడా విని ఉండరు. మా వైపు నాటక సమాజాల్లో ఉండేదంతా మగవాళ్ళే: బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, నాలాంటి దుకాణదారుల కొడుకులు. ఆడవేషానికి బయటి నుంచి నటిని పిలిపించుకోవాలి. మేము నెలల తరబడి రిహార్సల్ చేసుకుంటే, ఆమె ప్రదర్శనకు ముందురోజు బస్సు దిగేది. అప్పటిదాకా ఆమె మాటలు మాలో ఎవరో ఒకరు గొంతు సన్నం చేసుకుని చదివేవారు. ఆమె వచ్చాక ఒక్క పూట రిహార్సల్, మర్నాడు ఆట. ఈ వారం మాకు తల్లి అయితే వచ్చే వారం ఖమ్మంలో ఇంకెవరికో భార్య. తన మాటలే కాదు, ఎదుటివాళ్ళ మాటలు కూడా ఆమెకు నోటికి వచ్చేవి. కాళ్ళకు చక్రాలున్న మనిషి అంటారు చూడండి, అలాంటి మనిషి.

మాది వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం. మొహానికి రంగు పూసుకునేవాడి చేతిలో గిరాకీ నిలబడదని మా నాన్న గొణుగుతూనే ఉండేవాడు. నేను మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు సత్యక్కకు కొడుకు వేషం వేశాను. వయసులో ఆమె నాకంటే పదేళ్ళే పెద్ద. తెర లేచి జనం కనబడేసరికి నా నోరెండిపోయింది. పక్కతెర చాటున నిలబడి మాటలందించే ప్రాంప్టర్ వైపు చూస్తూ నీళ్ళు నమిలాను. ఆయన ఎంత అందించినా నా చెవికి ఎక్కితేనా! అప్పుడు సత్యక్క నా దగ్గరికొచ్చి, జనానికి కనబడకుండా జబ్బ మీద కసిదీరా గిల్లింది. పైకి మాత్రం, అన్నం తిని ఎన్ని రోజులైందిరా, మాట సుత వస్తలేదని కొంగుతో కళ్ళొత్తుకుంది. నాటకంలో అలాంటి మాటే లేదు. నొప్పికి నాకు నిజంగానే కళ్ళనీళ్ళు వచ్చాయి, వెనకే మాటా వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ఆట అయ్యాక సిగ్గుతో ఓ మూల కూలబడితే వచ్చి రెక్క పట్టుకుని లేపింది.

"కూసోకు. కూసున్నోన్నే భయం పట్టుకుంటది. ఎదుటోడు ఆగినా నువ్వు ఆగొద్దు తమ్మీ. తెర పడేదాక ఆట ఆగొద్దు."

ఆ తర్వాత ఎన్నో నాటకాల్లో ఆమె పక్కన వేషాలు వేశాను. అసలు సంగతి జరిగింది మాత్రం హన్మకొండ ప్రదర్శనలో. మా సమాజాన్ని నడిపే గఫూర్ సార్‌కు, టీవీలో రోజూ కనబడే హీరో ఒకాయన్ని కొడుకు వేషానికి తెస్తే హాలు నిండుతుందని ఆలోచన పుట్టింది. నన్ను తమ్ముడి వేషానికి దించారు. నాకు ఒళ్ళు మండింది, కానీ హాలు మాత్రం నిండింది. తల్లిని కొడుకు నిలదీసే ఘట్టంలో హీరోగారికి మాట తప్పింది. స్టేజీ మనిషైతే ఏదో ఒకటి అని గట్టెక్కేవాడు. ఈయన చెయ్యెత్తి, "సారీ, వన్ మోర్" అని, నింపాదిగా వెనక్కి నడిచివెళ్ళి, గుమ్మంలోంచి మళ్ళీ కొత్తగా వచ్చాడు! హాలంతా ముందు బిత్తరపోయింది, తర్వాత ఈలలు మొదలయ్యాయి. పక్కతెర వెనుక గఫూర్ సార్ నెత్తి పట్టుకున్నారు. సత్యక్క కొంగు నడుముకు దోపి హీరోకు ఎదురెళ్ళింది.

"ఎన్నిసార్లు వస్తవురా అదే గుమ్మంల నుంచి? అడగొచ్చిన మాట నోట్లకెళ్ళి వస్తలేదా? నేనే అడుగుత, నేనే చెప్త, విను."

ఇక ఆయన అడగాల్సినవన్నీ తానే అడిగింది, జవాబులూ తానే చెప్పింది. ఆయన తలదించుకుని నిలబడ్డాడు. అది తప్పు తెలుసుకున్న కొడుకు తలదించుకున్నట్టే కనబడింది. ఈలలేసినవాళ్ళే ముక్కులు చీదుకున్నారు. ముందు వరుసలో ఆ హీరో కోసం వచ్చిన సినిమా దర్శకుడొకాయన కూర్చుని ఉన్నాడు. ఆట అయ్యాక లోపలికి వచ్చి, తన సినిమాలో తల్లి వేషం వేస్తారా అని సత్యక్కను అడిగాడు. పక్కనే నిలబడి ఉన్నందుకు నాకూ కాంపౌండర్ వేషం దొరికింది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. ఆ మాట విని చిన్నపిల్లలా గదంతా తిరిగింది.

హైదరాబాద్ వెళ్ళే రైల్లో కూడా ఆమె సీట్లో కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడి, తన నాలుగు మాటలు నాలుగు వందల రకాలుగా అనుకుంటూ ఉంది. ఎందుకక్కా ఇంత ఆరాటం, ఇన్నేళ్ళుగా ఎన్ని వేషాలు వేశావు అన్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"రంగు కడుక్కున్నంక నేనేడ ఉన్న చెప్పు? నిన్న నన్ను చూసి ఏడ్చినోళ్ళు ఇయ్యాల బజార్ల గుర్తుపడ్తలేరు. నేను పోయినంక నా ఆట ఎవలు చూస్తరు? ఒక్క సినిమాల నా మొఖం పడ్డదంటే, ఉండిపోత తమ్మీ."

ఆమె అన్నదీ నిజమే. మా నాటకాలను ఎవరైనా ఫోన్లో తీసినా వెనక వరుసల్లోంచి తీసేవారు. అందులో మా ముఖాలు చుక్కల్లా ఉండేవి, మాట వినబడేది కాదు.

షూటింగ్‌లో ఆమె చేయాల్సింది ఇంతే: దవాఖాన మంచం మీదున్న కొడుకు తల నిమురుతూ నాలుగు మాటలు చెప్పాలి. మంచం మీదున్న హీరో ఆ టీవీ ఆయన కాదు, ఒక కొత్త కుర్రాడు. మాట మరిచిపోయాడు. దర్శకుడు కట్ అన్నాడు. సత్యక్క ఆగలేదు. వాడి మాట వాడికి అందించి, తన మాట కలిపి, సీను చివరిదాకా లాక్కుపోయింది. కెమెరా ఆగింది, లైట్లు ఆర్పేశారు, ఆమె మాత్రం ఆ చీకట్లో వాడి తల నిమురుతూ చెప్తూనే ఉంది. అందరూ నవ్వారు. మళ్ళీ తీశారు, మళ్ళీ అంతే. కాసేపటికి వాడు తడబడకముందే వాడి కళ్ళు చూసి మాట అందుకోవడం మొదలుపెట్టింది. దర్శకుడికి ఓపిక అయిపోయింది. ఏమమ్మా, కట్ అంటే అర్థం కాదా అని యూనిట్ అంతా వినేలా కసిరాడు. ఆమెను పక్కకు తీసుకెళ్ళి, అక్కా, నీకు దండం పెడతా, మాట తప్పితే వాళ్ళే మళ్ళీ తీసుకుంటారు, నీ మొఖం సినిమాలో ఉండాలంటే ఊరికే ఉండు అని బతిమాలాను.

"నాకెరుక లేదారా? కాని ఆ పిలగాడు మాట మర్సిపోయి నా మొఖంలకు చూస్తాండు. నేనెట్ల ఊకుండాలె?"

మేము తిరిగి వెళ్ళేసరికి దర్శకుడు కెమెరాను ఆమె వెనక్కి మార్చి, కుర్రాడి ముఖం మీద పెట్టించాడు. ఆమె కెమెరా వైపు ఒకసారి చూసి, వెళ్ళి మంచం పక్కన నిలబడింది.

సినిమా వచ్చినప్పుడు హన్మకొండలో మార్నింగ్ షోకు ఇద్దరమూ వెళ్ళాం. కొత్త చీర కట్టుకొచ్చింది. దవాఖాన సీను వచ్చింది. తెర నిండా కుర్రాడి ముఖమే. ఒక పక్క ఆమె భుజం, వాడి తల మీద ఆమె చెయ్యి. ఆఖరికి గొంతు కూడా ఆమెది కాదు, ఎవరితోనో కోస్తా మాటలో చెప్పించారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చుట్టూ జనమున్నారని కూడా చూడకుండా దర్శకుణ్ణి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. సత్యక్క కొంగుతో ముఖం తుడుచుకోవడం ఆ చీకట్లో కనిపించింది. తర్వాత నా మోకాలి మీద చెయ్యేసి, కాస్త మెల్లగా అంది.

"పిలగాడు మాత్రం మాట తప్పలే, చూసినవా?"

ఇంటర్వెల్ దాకా కూడా ఉండలేదు. నెక్కొండలో సాయంత్రం ఆట ఉంది, బస్సు పోతుందని లేచింది. ఆ తర్వాత సినిమా మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆమె పోయాక మాత్రం ఆ సీనును ఫోన్లో పెట్టుకుని, ఆపి, ముందుకీ వెనక్కీ జరిపి చూశాను. ఎంత జరిపినా చెయ్యే కనబడుతుంది. ఉండిపోవాలనుకున్న మనిషి ఉండలేదు.

ఇవాళ మధ్యాహ్నం షాటులో నా కోడలి వేషం వేస్తున్న కొత్తమ్మాయి మాట మరిచి నా ముఖంలోకి చూసింది. కట్ వినబడింది. నేను ఆగలేదు. ఆమె మాట ఆమెకు అందించాను, ఊపిరి పీల్చుకుని అందుకుంది, ఇద్దరం సీను చివరిదాకా వెళ్ళాం. దర్శకుడు విసుక్కుంటూ వచ్చి, ఎవరు నేర్పారండీ మీకీ అలవాటు అన్నాడు. నర్సంపేట సత్యవతి అన్నాను. ఆయనకు తెలియదు. అక్కడున్న ఎవరికీ తెలియదు. ఎవరు సార్ ఆమె అని ఆ అమ్మాయి అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. టైం పోతోంది, ఇంక చాలు సార్, తర్వాత చెప్పుకుందురు గాని అని దర్శకుడు కేకేశాడు. నేను ఆపలేదు.